మేకుకు తగిలించిన విజిల్

సంస్మరణ సభలో నాన్న ఫోటో పక్కన పెడదామని ఆయన విజిల్ నేను తుడుస్తుంటే, దాని సందులో ఎవరో నమిలిన చూయింగ్ గమ్ కూరి ఉండటం కనిపించింది.

గుండుసూదితో గీరాను. రాయిలా గట్టిపడింది. లోపలి గోళీ కదలడం లేదు. నోట్లో పెట్టుకుని ఊదాను. చప్పుడు లేదు.

అంటే లారీ డ్రైవర్ చెప్పింది నిజమే. "ముసలాయన విజిల్ వెయ్యలేదండీ" అన్నాడతను. ఊరంతా ఆ మాటే పట్టుకుంది. వయసు మీద పడి పరధ్యానంగా నిలబడ్డాడని, ఆఖరి క్షణంలో తేరుకుని, రోడ్డు దాటుతున్న పాపను పక్కకు తోసి తాను చక్రాల కింద పడ్డాడని అన్నారు. పోయిన మనిషిని జాలిపడుతూ తిట్టడం ఎంత తేలికో అప్పుడే చూశాను.

నాన్న లెక్కల మాస్టారు. రిటైరైన మర్నాడే బడి ముందున్న కూడలిలో విజిల్‌తో నిలబడ్డాడు. పిల్లల్ని రోడ్డు దాటించమని ఆయన్ను ఎవరూ అడగలేదు. పొద్దున కూడలి, సాయంత్రం కమ్యూనిటీ హాల్లో ఫీజు లేని పాఠాలు, ఈ మధ్యలో ఎవరికి ఆసుపత్రికి తోడు కావాలన్నా ఆయనే. "మీ నాన్న మనింట్లో అద్దెకుంటున్నాడే" అని అమ్మ ఎగతాళి చేసేది.

అలాంటి మనిషి పరధ్యానంగా ఉంటాడా? రోజూ ఇల్లు కదిలే ముందు విజిల్‌ను గుప్పిట్లో దాచి మెల్లగా ఊది చూసేవాడు. ఆ కీచు శబ్దానికే నాకు మెలకువ వచ్చేది. ఆ రోజూ వచ్చింది. కాబట్టి విజిల్ ఇంట్లో బాగానే ఉంది. ఇంటికీ కూడలికీ మధ్య ఆయన ఆగేది టీకొట్టు దగ్గరే. టీ తాగేటప్పుడు విజిల్ మెడలో ఉంచుకునేవాడు కాదు. తీపి చుక్క పడితే గోళీ అతుక్కుపోతుందని గోడ మేకుకు తగిలించేవాడు.

టీకొట్టాయన్ని అడిగాను, ఆ పొద్దున మేకు దగ్గర ఎవరున్నారని.

"ఎప్పుడూ ఉండేవాళ్ళేనమ్మా. నేను, పక్క సెలూనాయన, డ్రిల్లు మాస్టారు. పేపరువాళ్ళు ఫోటో తీస్తారని మీ నాన్నగారు కొత్త చొక్కా వేసుకొచ్చారు. పెళ్ళిచూపులా సారూ అని ఏడిపించాం."

గమ్ ఆయన కొట్టు సీసాలోనే దొరుకుతుంది. ఎవరైనా నమలొచ్చు. ముగ్గురూ నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని ఓదార్చినవాళ్ళే. నేరుగా పోలీసుల దగ్గరికి వెళ్ళొచ్చు. కానీ విజిల్ నోరు మూసిన ఆ చెయ్యి ఎవరిదో, నాన్నను తప్పుపట్టిన నోళ్ళన్నిటి ముందూ తేలాలి. అది నా చేతుల మీదే జరగాలి.

అచ్చం అలాంటి విజిలే కొని, దానికి నాన్న ఎర్రతాడు కట్టాను. అసలుది గుప్పిట్లో పెట్టుకుని సభకు వెళ్ళాను.

హాలు నిండిపోయింది. "వాడు నాకు తమ్ముడి కిందే లెక్క" అని డ్రిల్లు మాస్టారు రుమాలుతో కళ్ళొత్తుకున్నాడు. తర్వాత నేను మైకు తీసుకున్నాను.

"ఇది నాన్న విజిల్. ఆసుపత్రివాళ్ళు ఎలా ఇచ్చారో అలాగే ఉంది. పూలొద్దు. దగ్గరివాళ్ళు తలా ఒకసారి ఊదండి, చాలు."

సెలూనాయన వచ్చి ఊదాడు. హాలు అదిరింది. టీకొట్టాయన ఊదలేక ఊది దగ్గాడు. "సారు దీన్ని పొద్దంతా ఎలా ఊదేవారో" అన్నాడు. జనం తడి కళ్ళతోనే నవ్వారు.

అంతవరకూ ఏదో నములుతున్న డ్రిల్లు మాస్టారి దవడ ఆగిపోయింది. మెల్లగా లేచి వచ్చాడు. విజిల్ అందుకున్నాడు గానీ ఊదలేదు. లైటు కిందకు తిప్పి, ఒక కన్ను మూసి, సందులోకి చూశాడు.

"లోపల ఏం వెతుకుతున్నావు పెదనాన్నా?"

"ఏం లేదే. ఇది... ఇది మీ నాన్నది కాదు."

"తాడు ఆయనదే కదా. ఎలా చెప్పగలవు?"

"వాడిది మోగ..." అని ఆగిపోయాడు.

గుప్పిట తెరిచి అసలు విజిల్ బల్ల మీద పెట్టాను. మైకు ఆయన నోటి దగ్గరికి జరిపాను.

"మోగదని నీకెవరు చెప్పారు? నాకు కాదు, వీళ్ళందరికీ చెప్పు."

ఆయన కుర్చీ కోసం తడుముకున్నాడు. ఎవరూ జరపలేదు.

"ఆ విజిల్ నాదే అమ్మాయీ. బడిలో ఉన్నన్నాళ్ళూ నాదే. గ్రౌండంతా నా ఊపిరికి కదిలేది. వాడు రిటైరయ్యాక అడిగితే నేనే ఇచ్చాను. చివరికి విజిల్ మాస్టారంటే వాడే అయ్యాడు. నా దగ్గర పరుగు నేర్చుకున్నవాళ్ళే రోడ్డు మీద నన్ను దాటుకుని వెళ్ళి వాడికి నమస్కారం పెట్టేవాళ్ళు. ఆ రోజు ఫోటో అన్నారు. ఫోటోవాళ్ళ ముందు బుగ్గలుబ్బించి నవ్వులపాలవుతాడని కూరాను. అంతే. లారీ వస్తుందని నాకేం తెలుసు?"

"వచ్చాక తెలిసింది కదా. గ్రౌండు చివరికి వినిపించే గొంతు నీది. కూడలి టీకొట్టు ఎదురుగానే ఉంది."

ఆయన నాన్న ఫోటో వైపు తిరిగాడు.

"వాడికంటే ముందు లారీని నేనే చూశాను. వాడు ఊదుతున్నాడు, అది పలకడం లేదు. నా వైపు తిరిగాడు. ఒక్క కేక వేస్తే చాలు. వెయ్యలేదమ్మా. వాడి అవస్థ ఇంకొంచెం చూడాలనిపించింది."