గజంబద్ద దూరం

తెనాలిలో పాత మెటాడోర్ వాను కొన్ననాటి నుంచి దేవసహాయానికి ఇల్లూ దుకాణమూ అదే. బాపట్లలో అద్దె ఇల్లు వదిలేసి ఆరేళ్లు. భార్య సరోజా ఆయనా అందులోనే వండుకుని, అందులోనే పడుకుని, చీరాల చీరలు ఊరూరా తిరిగి అమ్మేవాళ్లు. ఒక్క కట్టుబాటు మాత్రం తప్పేవాడు కాదు. చేపలవాళ్లను వాను ఎక్కనిచ్చేవాడు కాదు. కొత్త చీరకు నీచు వాసన అంటితే అది పాత చీర కిందే లెక్క. అందుకని వాళ్లను కింద నిలబెట్టి, గజంబద్ద కొసన చీర వేసి అందించేవాడు.

తొంభైలో, మే నెల. రేడియోలో తుఫాను కబురు విని, పొద్దున్నే పన్నెండు మూటలూ అడవులదీవి దారిలోని డాబా చర్చిలోకి మోయించాడు. వానును మెరక చూసి కాలవ కట్ట మీద నిలిపాడు. సరుకూ భద్రం, బండీ భద్రం. మనుషులు ఆ లెక్కలోకి రాలేదు. మధ్యాహ్నానికి చర్చికీ కట్టకీ మధ్య రొమ్ములోతు నీళ్లు నిలిచాయి; ఇద్దరూ వానులోనే చిక్కుకున్నారు.

గాలి తిరిగింది. ఒక పక్క చక్రాలు జానెడు లేచి దబ్బున పడ్డాయి. రెండో పక్క కాలవ.

"ఏంటండీ ఇది?" సరోజ కమ్మీ వాటేసుకుంది.

"బరువు లేదు. ఏడొందల కిలోలు నేనే దింపించాను."

"దిగిపోదామండి."

"దిగితే గాలి నిలబడనిస్తుందా?"

కట్ట మీద వంగి వంగి ఎవరో వస్తున్నారు. చేపలు పట్టే పెద్దిరాజు, అతని భార్య పేరంటాలు, వాళ్లవాళ్లు మరో ఐదుగురు. దేవసహాయం తలలు లెక్కపెట్టాడు. ఏడుగురంటే ఆరు మూటల బరువు. తలుపు లాగాడు.

"ఎక్కండి, ఎక్కండి."

పేరంటాలు మెట్టు మీద ఆగింది. "ఇవాళ గజంబద్ద ఏదీ అన్నయ్యా?"

"ఎక్కమ్మా. మీ కోసం కాదు, మా కోసం ఎక్కు."

పెద్దిరాజు ఎక్కుతూనే గాలి ఎటు కొడుతోందో చూశాడు. "అందరూ ఈ పక్కకే కూచోండి. పడవకైనా ఇంతే. అమ్మగారూ, మీరూ ఇటు రండి."

తడిబట్టలతో ఒకరినొకరు ఒత్తుకుని కూచున్నారు. మళ్లీ గాలి విరుచుకుపడింది. చక్రాలు నాలుగు వేళ్లు లేచి, కట్ట మీదే దిగాయి.

"ఇంకో ఇద్దరుంటే కదలదు," అన్నాడు పెద్దిరాజు.

వాను నిండా నీచు వాసన. దేవసహాయం అద్దం తుడిచి, కట్ట మీద ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూస్తూ కూచున్నాడు.