పోలయ్య ఫోను లైటు

జువ్వలదిన్నె పోలయ్య ఫోనుకు మెసేజి వస్తే చాలు, వెనకున్న లైటు టపటపా కొట్టుకుంటుంది. దాన్ని ఆపడం చేతగాక ఆయన తిట్టని రోజు లేదు.

ఆరోజు చీకటితోనే సముద్రంలో వల వేసి, సిగ్నల్ కోసం ఫోన్ని పడవలో కర్రకు ఎత్తుగా కట్టినాడు. లైటు ఆగకుండా కొట్టుకుంటానే ఉంది. సముద్రం మీద లైటు అట్లా మిణుకుమంటే ఆపదలో ఉన్నట్టే లెక్క. దూరాన ఉన్న మస్తానయ్య తన వల వదిలేసి, ఆఘమేఘాల మీద పడవేసుకోని వచ్చినాడు.

"ఏమైందన్నా, ఇంజను పోయిందా?"

"ఇంజనుకేం, బాగానే ఉంది. పనీపాటా లేనోడెవడో పొద్దున్నే గులాబీల బొమ్మలు వరసబెట్టి పంపిస్తా ఉండాడు."

మస్తానయ్య తన ఫోను మెల్లిగా లుంగీలో దోపుకున్నాడు.

"గులాబీలు బాగలేవా అన్నా?"