బుడగ కరిగేదాకా

మార్చి పదకొండున రెండు ఉడికించిన గుడ్లు, ఒక రొట్టెముక్క. అతను నిటారుగా కూర్చుని తిన్న ఆఖరి భోజనం అదే. మర్నాడు కంటికి ఆపరేషన్ అయింది. లోపల ఊడిన పొర మళ్లీ అతుక్కోవడానికి డాక్టరు కంట్లో గాలిబుడగ నింపి, బోర్లా పడుకోమన్నాడు. అది కరిగేదాకా విమానం ఎక్కకూడదు. పైకి వెళ్తే బుడగ ఉబ్బి కన్ను పోతుంది. రెండో కన్ను చిన్నప్పుడే పోయింది. గడియారాలు బాగుచేసుకుని బతికేవాడికి ఇక మిగిలేదేమిటి?

అప్పటినుంచి అతని లోకమంతా మంచం అంచున వేలాడే తల కింద నాలుగు నేలపలకలు. మసకగా కూతురి చెప్పులు వస్తాయి, పోతాయి. టీ గ్లాసు కింద పెట్టి, పీల్చే గొట్టాన్ని నోటికందేలా వంచి వెళ్తుంది. అలా వంచాలని ఆమెకెవరూ చెప్పలేదు.

ఇంతలో అక్కకు బాగా జబ్బు చేసిందని బావ ఫోను. తల్లి పోయాక అతన్ని సాకింది ఆ అక్కే. ఆమె ఉన్న ఊరు తొమ్మిది వేల కిలోమీటర్లు. విమానంలో పన్నెండు గంటలు.

"నేలమీద పోతే?" అన్నాడు కూతురితో.

"మూడు రైళ్లు, ఒక ఓడ. పదహారు రోజులు నాన్నా."

ఫోనులో బావ విన్నాడు. "నా పెళ్లికి భోజనాలయ్యాక వచ్చినవాడివి, ఇప్పుడేం తొందరోయ్," అని నవ్వబోయాడు. "ఇక రెండు మూడు రోజులే అంటున్నారు డాక్టర్లు," అన్నాడు చివరికి.

కుడితిలో పడ్డ ఎలకలా ఆ పగలంతా కొట్టుకున్నాడు. పొద్దుగూకాక లేచి, గోడ పట్టుకుని, సంచిలో రెండు చొక్కాలు కుక్కాడు.

"రేపటికి టికెట్టు తియ్యి."

"మరి కన్ను?"

"పోతే పోనీ. అక్క చెయ్యి పట్టుకుంటే చాలు."

కూతురు మేనత్తకే ఫోను కలిపింది. "నాన్న బయల్దేరుతున్నాడత్తా. నువ్వే చెప్పు."

"ఒరేయ్ మొండిఘటం," సన్నగా వచ్చింది అక్క గొంతు. "కన్ను పోగొట్టుకుని, నేను పోయేముందు నా నెత్తిన పాపం పెడతావా? పడుకో ముందు."

పడుకున్నాడు. ఆ గొంతుకి ఎదురుచెప్పడం అతనికి చేతకాదు.

బుడగ వల్ల బాగా దగ్గరున్నది మాత్రమే అతనికి కనిపిస్తుంది. కూతురు దిండ్లు పేర్చి, ఫోన్‌ను సరిగ్గా అతని మొహం కిందికి తెచ్చింది. అక్కడ వెల్లకిలా పడుకున్న అక్క మొహానికి పైన బావ తన ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. ఇతను కిందికి చూస్తున్నాడు, ఆమె పైకి చూస్తోంది. మంచం పక్కన నిలబడి వంగితే ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది.

"మీద పడతావేమోరా," అంది అక్క.

"పడన్లే."

"గడ్డం గీసుకోలేదే?"

"ఎవరు చూడొచ్చారని?"

"నేను చూస్తున్నాగా."

అతను గడ్డం తడుముకున్నాడు. ఫోన్ పట్టుకుని బావ చెయ్యి నొప్పెట్టినట్టుంది, తెరమీద అక్క మొహం కాస్త కదిలి మళ్లీ కుదురుకుంది.

సంచి గోడవారనే ఉంది. కూతురు దాని జోలికి పోలేదు. కాల్ ఆపకుండానే ఫోన్‌కి ఛార్జర్ తగిలించి, లైటు ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసింది.