చిప్పన్నర మందు

ఇంటి వెనక ఈతతొట్టి కట్టిస్తున్నానని తెలిసినప్పుడు కర్నూలులో నన్ను చూసి నవ్వనివాడు లేడు. "మనం తాగేదానికి తుంగభద్ర నుంచి మోసుకొస్తాండాము. తిమ్మయ్యకు ఈదేదానికి నీళ్ళు కావాలంట" అని అంగళ్ళ దగ్గర ఒకటే ఎగతాళి. నవ్వుకోనీ అని ఊరుకున్నాను. అసలు సంగతేమిటంటే నాకు ఈత రాదు. మోకాలి లోతు నీళ్ళలో దిగాలన్నా నాకు గుండె దడ. తొట్టి మా ఆవిడ కృష్ణవేణమ్మ కోసం. ఆ మాట ఇంటి గోడ దాటలేదు.

ఆమెది వేంపల్లె. చిన్నప్పుడు నడుముకు బెండు కట్టుకుని వాళ్ళ నాయన బావిలో ఈత నేర్చుకున్నదట. పెళ్ళయి నా ఇంటికొచ్చాక ముప్పై ఏళ్ళు నీళ్ళ ముఖం చూడలేదు. యాభై దాటగానే మోకాళ్ళు పట్టేశాయి. ఒక చెయ్యి తొడ మీద, ఒక చెయ్యి గోడ మీద, కింది పెదవి పళ్ళ మధ్య. అలా లేచేది రోజూ మంచం మీద నుంచి. నేను చూడనట్టు అటు తిరిగేవాణ్ణి. పూయని నూనె లేదు, కట్టని ఆకు లేదు. ఊరు రాజధాని అయిన కొత్తలో మా ముందువసారాలో దేవేంద్రప్ప అనే బళ్ళారి ఇంజనీరు అద్దెకు దిగాడు. ఆయనే చెప్పాడు, నీళ్ళలో ఒంటి బరువు తెలియదు, అమ్మను రోజూ గంటసేపు నీళ్ళలో నడిపించండి, ఈదించండి అని. నిమ్మతోట పక్కన మనిషెత్తు గోడ పెట్టి, లోపల మెట్లతో తొట్టి కట్టించాను. పొద్దు వాలే వేళకు పాతచీర గోచీ పోసుకుని ఆమె దిగేది. ఎనిమిది నెలలు తిరిగేసరికి ఒకరోజు వంటింట్లో కింద బాసిపట్లు వేసుకుని కూర్చుని గోంగూర వలుస్తోంది. నేను గడప దగ్గర నిలబడి చూశాను. ఏడుపొచ్చింది. దానికి సిగ్గుపడను.

అయితే నీళ్ళ సంగతి చెప్పాలి. మాకున్నది ఒక్క బావి, ఒక్క జత ఎద్దులు. పన్నెండు రోజులు ఎద్దులతో కపిలె తోలి నీళ్ళు తోడితే గానీ తొట్టి నిండదు. శివరాత్రి దాటితే ఆ బావి ఇంటికీ నిమ్మచెట్లకూ సరిపోతే అదే పదివేలు. ఆ తర్వాత తొట్టి నీళ్ళు పాచిపట్టాయంటే తోడి చెట్లకు పారించడమే, మళ్ళీ వానలు పడేదాకా ఉత్తతొట్టి. నాలుగు నెలలు నీళ్ళు లేకపోతే ఆమె మోకాళ్ళు మళ్ళీ మొదటికొస్తాయి. అందుకని ఇంజనీరు నేర్పినట్టు రోజూ బ్లీచింగు పొడి వేసేవాణ్ణి. ఆ పని ఎవరికీ అప్పగించింది లేదు.

అప్పగించాల్సి వచ్చింది. మోకాళ్ళు నయమైతే సొంత కాళ్ళతో శ్రీశైలం నడిచి వస్తానని ఆమె మల్లన్నకు మొక్కుకుంది. బస్సులో ఆత్మకూరు దాకా పోయి, అక్కడినుంచి అడవిదారిన నడక. పోనురాను పన్నెండు రోజులు.

ఇంట్లో మిగిలేది మద్దమ్మ. ముప్పై ఏళ్ళుగా మా ఇంటి మనిషి. ఆమె దాచిన కందిబ్యాళ్ళలో, అదే కందిపప్పులో, పురుగన్నది మేమెరగం. బయలుదేరే ముందురోజు ఆమెను కూర్చోబెట్టి నేను పాఠం చెప్పాను. పొడి డబ్బాలు రెండు. ఒకటి వాడుతున్నది, రెండోది లక్కముద్ర వేసి అటక మీద ఉన్నది. రోజూ పొద్దు గూకినాక ఒక కొబ్బరిచిప్ప నిండా పొడి తీసి, బకెట్లో కలిపి, పిండి అడుగున పేరుకున్నాక పైనుండే తేట మాత్రం తొట్టి నాలుగు పక్కలా పోయాలి. లెక్క తప్పకుండా పన్నెండు ముళ్ళు వేసిన తాడొకటి ఇచ్చి, రోజుకొక ముడి విప్పమన్నాను.

"పొద్దుండంగానే ఎందుకు పోయకూడదయ్యా?" అని అడిగింది మద్దమ్మ.

"చెప్పినట్టు చెయ్యి" అన్నాను. "డబ్బాను మాత్రం మన ఇంటి కందిబ్యాళ్ళను చూసుకున్నట్టు చూసుకో. అర్థమైందా?"

"బ్యాళ్ళ మాదిరా? అంతేనా!" అని ఆమె నవ్వింది.

కృష్ణవేణమ్మ పక్కనే బట్టలు మూటగడుతోంది. "అడిగినప్పుడు ఎందుకో చెప్తే నీ సొమ్మేం పోతాదయ్యా?" అంది నాతో.

"చెప్తే ఆమెకు అర్థమయినట్టే" అన్నాను. నా నోటి దురుసు అలాంటిది.

దారి పొడుగునా నా మనసు తొట్టి దగ్గరే. నాగలూటి దగ్గర నీడన కూర్చుంటే ఈపాటికి చిప్ప నిండా తీసిందో, వెలితిగా తీసిందో అని ఆలోచన. గుళ్ళో మల్లికార్జునుడి ముందు కళ్ళు మూసుకుని నిలబడితే కృష్ణవేణమ్మ మోచేత్తో పొడిచింది. "ఈడ గూడ ఆ పొడి గురించేనా?" అని. అబద్ధం చెప్పడానికి అది చోటు కాదు కాబట్టి మళ్ళీ కళ్ళు మూసుకున్నాను. ఆమె మాత్రం మొక్కుకున్నట్టే నడిచింది. భీమునికొలను మెట్లు దిగింది, ఎక్కింది. డోలీవాళ్ళు వెంటపడితే, "అట్ల పోయేదుంటే ఇంట్లోనే ఉండేదాన్ని గదప్పా" అని పంపేసింది. తిరుగుదారిలో మోకాళ్ళు రెండూ వాచాయి. ఆత్మకూరులో బస్సెక్కేటప్పుడు ఆ పాత అలవాటు మళ్ళీ చూశాను. తొడ మీద చెయ్యి, పళ్ళ మధ్య పెదవి.

"ఏం కాదులే. ఇంటికి పోతానే నీళ్ళలో పడితే రెండు దినాల్లో తగ్గిపోతాది" అంది ఆమె. ఆ నీళ్ళు ఉన్నాయో లేవో అని నా భయం నాది.

పన్నెండో రోజు మధ్యాహ్నం మూడు దాటాక జట్కా దిగాము. ఇంట్లో మద్దమ్మ లేదు. వెనకవసారాలో పొడి డబ్బా బోర్లించి ఉంది. తోమి కడిగినట్టు తళతళలాడుతోంది. పక్కనే రెండో డబ్బా, లక్క పగలగొట్టి ఉంది. నెలరోజులకు సరిపోయే పొడి ఏమయినట్టు? గోడ అవతల నుంచి ఆడవాళ్ళ మాటలు వినిపించాయి. గోడ ఇవతల ఖాకీ నిక్కరు తొడుక్కున్న మనిషొకడు తొట్టివైపు వీపు పెట్టి నిమ్మచెట్టు కింద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి దండం పెట్టాడు. వీధిబావుల్లో మందు వేసే మేస్త్రీ దావీదురాజు. ముఖం ఎరుగుదును.

వాడితో మాట్లాడకుండా గోడ దాటాను. ముందు చూసింది నీళ్ళను. అడుగున పరిచిన కడప బండల మధ్య సందులు లెక్కపెట్టొచ్చు, అంత తేటగా ఉన్నాయి. గుండె కుదుటపడింది. ఆ తర్వాత మెట్ల మీద మనుషులను చూశాను. మద్దమ్మ, ఆమె పక్కన నేనెరగని ముసలామె ఒకతె. ఇద్దరూ చీరలు పైకి చెక్కుకుని కాళ్ళు మోకాళ్ళ దాకా నీళ్ళలో పెట్టుకుని కూర్చున్నారు.

"ఏం జరుగుతోంది ఇక్కడ?" అని అరిచాను.

మద్దమ్మ లేచి నిలబడి గబగబా చెప్పుకొచ్చింది. "నీ పొడి నెమ్మెక్కి గడ్డలు కట్టిందయ్యా. మూత తీస్తే కండ్లల్లో నీళ్ళు తిరిగే ఘాటు. బ్యాళ్ళ మాదిరి చూసుకోమంటివి గదా? బ్యాళ్ళు నెమ్మెక్కితే ఏం చేస్తాము? మంచం మీద చీర పరిచి రెండు దినాలు ఎండేసినా. కాకులు రాకుండా పైన పల్చటి గుడ్డ గూడ కప్పినా. ఘాటంతా పోయి పిండి మాదిరి పొడిపొడిగా అయింది. ఎంత బాగుండెనో! దినామూ చిప్ప నిండా కలిపి పోసినా. ముడి గూడ విప్పినా. అయిదో దినానికి నీళ్ళు పచ్చగా తిరిగినాయి."

ఎండ తగిలితే ఆ మందు చచ్చిపోతుంది. పొద్దు గూకినాక పోయమన్నది అందుకే. ఆ ఒక్క ముక్క నేను చెప్పలేదు. చెప్పినదల్లా కందిబ్యాళ్ళ మాట.

"నాకు కూడు దిగలేదయ్యా" అంది మద్దమ్మ. "అమ్మ కాళ్ళు కండ్ల ముందర ఆడినాయి. మొదట ఘాటుండె, నీళ్ళు బాగుండె. ఎండేస్తే ఘాటు పోయింది, నీళ్ళు పోయినాయి. అయితే ఆ ఘాటే మందు గదా అనుకున్నా. తిరనాళ్ళకని మన వీధి బావిలో మందేసేదానికి ఈ దావీదురాజు వస్తే, రెక్క పట్టుకుని పిల్చుకొచ్చినా. వాసన చూసి, ఇది ఉత్త సున్నమే పెద్దమ్మా అన్నాడు. ఇంకోటి ఉండాదా అంటే అటక మీది డబ్బా దించినా. ఒకేతూరి నాలుగు చిప్పలు పోయించినాడు. నేను కొబ్బరిపీచు పెట్టి గోడలు రుద్దినా. మూడు దినాలకు తేటపడినాయి. ఏమియ్యాలప్పా అంటే ఏమొద్దన్నాడు. వాళ్ళమ్మ జీవమ్మకు మోకాళ్ళు వంగవంట. నీళ్ళలో కూచుంటే తగ్గుతాదా అని అడిగినాడు. మా అమ్మకు తగ్గింది, నువ్వూ పిల్చుకురా అన్నా. ఈ పొద్దుకు నాలుగు దినాలు."

ఆ ఒక్క మాటతో తొట్టి గుట్టు కూడా బయటపడిందన్నమాట. నాకు కోపం వచ్చింది. ఎందుకు వచ్చిందో ఇప్పుడు దాచి లాభం లేదు. అడగకుండా పరాయి మనిషిని దింపినందుకు కొంత. ఆ మనిషి ఏ పేట నుంచి వచ్చిందో తెలిసినందుకు మరికొంత. రెండోదే ఎక్కువ. నేను అనబోయిన మాట నాలుక చివర ఉంది.

అంతలో జీవమ్మ లేవబోయింది. నా ముఖం చూసి భయపడినట్టుంది. ఒక చెయ్యి తొడ మీద పెట్టింది, ఒక చెయ్యి గోడకు ఆనించింది, కింది పెదవి పళ్ళ మధ్య పట్టుకుంది. సగం లేచి ఆగిపోయింది. ఆ లేవడం నాకు తెలుసు. రెండేళ్ళు రోజూ చూశాను. ఆ పొద్దున ఆత్మకూరులో బస్సు దగ్గరా చూశాను. నాలుక చివరి మాట అక్కడే ఉండిపోయింది.

నా వెనక నుంచి కృష్ణవేణమ్మ కుంటుకుంటూ వచ్చింది. నా వైపు చూడలేదు. అడవిదారి దుమ్ము కాళ్ళు కుండలో నీళ్ళతో కడుక్కుని, మెట్లు దిగి, ఆ ముసలామె పక్కన కూలబడింది. నీళ్ళు మోకాళ్ళ మీదికి రాగానే "అమ్మా" అని పెద్దగా ఊపిరి వదిలింది.

"కూచో" అంది జీవమ్మతో. "నీకు యా మోకాలు?"

"రెండూ తల్లీ" అంది జీవమ్మ, సగం లేచినది సగంలోనే ఉండి.

"నాకు ఎడమది శానా నొస్తాది. ఎందుకు నిలబడినావు? కూచోమంటి గదా. నడుములోతులో నడిస్తే ఇంకా సుఖం. ఇట్ల అంచు మీద ఎన్ని దినాలు కూచున్నా ఏం లాభం? రేపు ఇంకో పాతచీర తెచ్చుకో, నేను నడిపిస్తా."

జీవమ్మ నా వైపు చూసింది. నేను గోడ చాటుకు వచ్చేశాను. ఆడవాళ్ళు నీళ్ళలో ఉంటే నాకక్కడేం పని?

దావీదురాజు ఇంకా నిలబడే ఉన్నాడు. కూర్చోమన్నాను. వాడు కూర్చోలేదు. నేను అరుగు మీద కూర్చుని పక్కన చోటు చూపిస్తే, కాసేపు చూసి, అంచు మీద కూర్చున్నాడు. గోడ అవతల మద్దమ్మ ఏదో అన్నది, ముగ్గురూ నవ్వారు. కృష్ణవేణమ్మ తొట్టిలో ఉండగా నవ్వడం అంతకుముందు నేను వినలేదు. ఎనిమిది నెలలూ ఒక్కతే ఈదింది. నేను గోడకు ఇవతల కాపలా కాశాను. ఎవరితో నవ్వుతుంది?

"ఏమప్పా దావీదురాజూ" అన్నాను చివరికి, "ఒక మనిషికి రోజుకు ఒక చిప్ప వేస్తాండా. సరిపోతాదా?"

"ఒకరికైతే సాలయ్యా. మనుషులు పెరిగితే నీళ్ళు తొందరగా చెడతాయి. మందు పెంచాల."

"ముగ్గురికి?"

వాడు నా ముఖం వంక చూశాడు. నేను ఉత్తమాటకు అడగడం లేదని తెలిశాక చెప్పాడు. "చిప్పన్నర వేయండయ్యా."

పొద్దు గూకాక జీవమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని ఇంటికి పోయింది. కృష్ణవేణమ్మ తడితలతో వచ్చి వసారాలో కూర్చుని, రాగిసంకటి ఎక్కడ, ఆకలేస్తోంది అని అడిగింది. బకెట్టు పట్టుకుని తొట్టి దగ్గరికి పోతుంటే మద్దమ్మ వెంట వచ్చింది. తాడు నా చేతిలో పెట్టింది. పదకొండు ముళ్ళు విప్పి ఉన్నాయి, ఆనాటిది ఒకటి మిగిలి ఉంది.

"ఇప్పుడన్నా చెప్తావా అయ్యా, పొద్దుండంగా ఎందుకు పోయకూడదో?"

చెప్పాను. ఎండకు మందులోని ఘాటు ఎగిరిపోతుందనీ, ఆ ఘాటే నీళ్ళను కాపాడుతుందనీ మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఆమె తల ఊపుతూ వింది. ఒక్క ముక్క తిరిగి అడగలేదు, అంతా అర్థమైంది.

"ఇంతేనా!" అంది. "ఇది ఆ పొద్దే చెప్పింటే నేను మంచం వాల్చుదునా?"

చెప్పి ఉంటే పొడి ఎండేది కాదు, నీళ్ళు పచ్చబడేవి కావు, దావీదురాజు మా గడప తొక్కేవాడు కాదు. నేను చెప్పకపోవడమే మేలయిందని పైకి అనలేదు. అంటే ముప్పై ఏళ్ళ పాటు దెప్పుతుంది. వంటింట్లో నుంచి ఇంకో కొబ్బరిచిప్ప తెమ్మన్నాను. దాని సగానికి బొగ్గుతో గీత గీసి, ఒక నిండుచిప్ప, ఒక సగంచిప్ప బకెట్లో వేసి కలిపాను. తేట తొట్టిలో పోసి, చివరి ముడి విప్పి, రెండు చిప్పలూ గోడకున్న మేకులకు పక్కపక్కన తగిలించాను.