మలిపిలుపు

రమామణి సంచిలో రాజీనామా ఉత్తరం ఉంది. సాయంత్రం పోస్టాఫీసు మూసేలోగా వేసెయ్యాలి.

బొంబాయిలో ఆమె పని కంప్యూటర్ల మధ్య మాట కలపడం. అక్కడి యంత్రాన్ని ఇంగ్లండులో ఒక పరిశోధనశాల యంత్రంతో మాట్లాడించాలని ఆరేళ్ల పట్టుదల. ఒప్పుకుంటారా అని వాళ్లకు రాసి నాలుగు నెలలైంది. జవాబు లేదు. ఆ మౌనాన్ని రోజుకొక విధంగా చదువుకుంది. నవ్వుకుని ఉంటారు. ఆడదాని సంతకం చూసి పక్కన పడేసి ఉంటారు. చిన్నప్పటి నుంచీ అంతే. తలుపు తట్టినప్పుడు ఎవరూ పలక్కపోతే, లోపలివాళ్లకు తను అక్కర్లేదనే అనుకునేది.

సెలవు పెట్టి చోడవరం వచ్చింది. పిన్ని దుర్గాంబ ఇంట ఆవేళ సత్యనారాయణ వ్రతం. విస్తళ్లు వేశారు. పక్కవీధి రామచంద్రమూర్తి మాస్టారు రాలేదు.

"పొద్దున్నే పిలిచేవుగా పిన్నీ. ఇష్టం లేదేమో."

"ఏటే నీ మాటలు! ఒక్క పిలుపుకే వచ్చి కూర్చుంటే తిండికి మొహం వాచేడనరూ? ఆకు వేసేక మళ్ళీ పిలవాలి. పద, నువ్వూ రా."

దారిలో పిన్ని అడిగింది: "ఇంతకీ నీ మిషన్లు ఏటి చేస్తాయే?"

"ఒకటి మాట పంపుతుంది. అందిందని రెండోది చెప్పాలి. చెప్పకపోతే, మొదటిది కాసేపు చూసి మళ్ళీ పంపుతుంది."

"దానికి రోషం రాదూ?"

"రాదు. దారిలో ఎక్కడో పోయిందనుకుంటుంది. నేనే అలా రాసేను."

"మరి ఆ దొరలకి నువ్వెన్నిసార్లు రాసేవు?"

రమామణి ఆగిపోయింది. "ఒక్కసారే."

"ఓసి నీ చదువు చట్టుబండలవ్వా!" పిన్ని పకపకా నవ్వింది.

మాస్టారు స్నానం చేసి, ఉత్తరీయం వేసుకుని, అరుగు మీద సిద్ధంగా కూర్చుని ఉన్నారు.

"ఇంకా పిలవరేటా అని చూస్తన్నానమ్మా! కడుపులో ఎలకలు పరిగెడతన్నాయి."

రమామణి ఆయన వైపు చూసింది. ఇంతసేపూ ఈ అరుగు మీద ఉన్నది నిరాకరణ కాదు. ఎదురుచూపు.

భోజనాలయ్యాక ఒక్కర్తీ పోస్టాఫీసుకు వెళ్లింది. బల్ల దగ్గర నిలబడి, నాలుగు నెలల నాటి ఉత్తరాన్నే గుర్తు తెచ్చుకుని రాసింది. తర్వాత రాజీనామా కవరు మీది స్టాంపును తడిపి, చిరగకుండా ఊడదీసి, కొత్త కవరు మీద పెట్టింది.

"ఇంగ్లండుకండీ. ఇది కాక ఇంకెంత అంటించాలి?"

గుమాస్తా సత్యారావు కవరు తూచాడు. "అంత దూరం నుంచి జవాబొస్తాదంటారా అమ్మా?"

"రాకపోతే మళ్ళీ రాస్తాను," అంది రమామణి, స్టాంపు మూలల్ని బొటనవేలితో గట్టిగా అదుముతూ.