ముగ్గురు పిల్లలకి పన్నెండొందలు

డెన్‌జిల్ హాచర్, డార్లా పిల్లల ఇల్లు మింగింది నువ్వు. నీ ఒక్కడి వల్లే కాలేదు, ఒప్పుకుంటాను. తల్లి సంపాదన కొలిచి పిల్లకి సొమ్మిచ్చే చట్టం రాసినవాళ్ళు వాషింగ్టన్‌లో కూర్చుని నీకు చెయ్యి కలిపారు. కానీ వాళ్ళు డార్లాని ఎప్పుడూ చూడలేదు. నువ్వు రోజూ చూశావు. చూస్తూ, నవ్వుతూ, "తల్లీ" అని పిలుస్తూ మింగావు.

ఎలా జరిగిందో చెప్తాను. మా ఊరు పైన్‌లిక్‌లో అందరికీ తెలిసిన మనుషులే కాబట్టి పేర్లు దాచే పని లేదు.

హైవే దిగే మలుపులో డెన్‌జిల్ హోటలు. పొయ్యి దగ్గర నేను, ఐమొజీన్‌ని. బల్లల దగ్గర డార్లా స్టాంపర్, వాండా, ఇంకో ఇద్దరమ్మాయిలు. డార్లాకి ముగ్గురు పిల్లలు. మొగుడు రైల్వేలో పనిచేసేవాడు. ఏడాది పైన అయింది, టెన్నెసీ వైపు పని ఉందని వెళ్ళాడు. ఆ వెళ్ళడం వెళ్ళడమే. అప్పట్నుంచి తల్లీ పిల్లలూ ఆమె తమ్ముడు ట్రాయ్ ఇంట్లో, ముందు గదిలో పడుకుంటున్నారు. ట్రాయ్ భార్యకి నెలలు నిండుతున్నాయి. ఆమె మంచిదే. మంచిది కాబట్టే మీరెప్పుడు వెళ్తారని అడగలేదు. పసిపిల్ల మంచం కొని తెచ్చి ముందు గదిలో, డార్లా పిల్లల పక్కల మధ్యన వేసింది. దుప్పటి కూడా పరిచింది.

ఇంతలో కాంబ్స్ ముసలమ్మ ఇల్లు ఖాళీ అయింది. రెండు పడకగదులు, వెనక చిన్న దొడ్డి, బడి బస్సు గుమ్మం ముందే ఆగుతుంది. మొదటి నెల అద్దె, ఆఖరి నెల అద్దె, అడ్వాన్సు అన్నీ కలిపి రెండు వేల నాలుగొందల డాలర్లు. మార్చి పదిహేనులోగా చేతిలో పెడితే నీదే అంది ముసలమ్మ. డార్లా సరేనంది. ధైర్యం ఎక్కడిదంటే, మార్చి మొదట్లో పన్ను రిఫండు పడుతుంది. పిల్లకి రెండు వేలని టీవీలో చెప్పారు. బొగ్గు లారీ నడిపే ట్రాయ్‌కి తన ఇద్దరు పిల్లల మీదా ఏటా వస్తూనే ఉంది. డార్లాకి ముగ్గురు. మొగుడు ఉన్నన్నాళ్ళూ ఆ కాగితాలన్నీ అతనే పంపేవాడు, ఈ ఏడే మొదటిసారి తనంతట తను ఫోన్లో నింపి పంపింది. పనిచేసే బీదవాళ్ళకి విడిగా ఇచ్చే ఇంకో సొమ్ము కారుకీ, కరెంటు బాకీకీ ముందే పోయింది. పిల్లల సొమ్ము మాత్రం పిల్లల ఇంటికే.

పడింది. పిల్లల కింద పన్నెండొందలు.

డార్లా ఫోను పట్టుకుని పొయ్యి దగ్గరికి వచ్చింది. "పిన్నీ, ఇది చూడు. ముగ్గుర్లో ఇద్దర్ని వీళ్ళు లెక్కలోకి తీసుకోలేదు."

"ఏ ఇద్దర్ని?"

"చెప్పలేదు. పెద్దదాన్నయితే వదిలేసి ఉండరు. అది ఊరుకోదు."

హోటల్లో తలా ఒక కారణం చెప్పారు. ఫోన్లో ఎక్కడో తప్పు నొక్కి ఉంటావంది చిన్నమ్మాయి. నీ మొగుడు టెన్నెసీలో కూర్చుని ఇద్దరు పిల్లల్ని తన పేరున రాసేసుకుని ఉంటాడు, వెధవ, అంది వాండా. కౌంటరు దగ్గర గుడ్లు తింటున్న లారీ డ్రైవరొకడు, మన సొమ్మంతా సరిహద్దు దాటొచ్చినవాళ్ళకి పంచేశారు, మా బావమరిది చెప్పాడు అన్నాడు. మీ బావమరిది ఏం చేస్తాడని అడిగాను. ఖాళీగా ఉన్నాడన్నాడు. గుడ్లు చల్లారిపోతున్నాయి, తినమన్నాను.

మంగళవారం డార్లాని లైబ్రరీకి తీసుకెళ్ళాను. అక్కడ ప్రూయిట్ గారు పన్ను కాగితాలు ఊరికే చూసిపెడతారు. ఇదివరకు హైస్కూల్లో ఆల్జీబ్రా చెప్పినాయన. కళ్ళద్దాల పైనుంచి చూశాడు.

"డార్లా స్టాంపర్. మూడో బెంచీ. నోట్లో చూయింగ్ గమ్."

"ఇప్పుడు నమలట్లేదు సార్."

"సంతోషం. కూర్చో."

కాగితాలన్నీ చూశాడు. పిల్లలెవరికీ పదిహేడు నిండలేదు. గవర్నమెంటు ఇచ్చిన ముగ్గురి నెంబర్లూ సరిగ్గా ఉన్నాయి. మొగుడు ఎవర్నీ రాసుకోలేదు, ఆ మాత్రం కూడా పట్టించుకోలేదు. చివరికి కాగితాలు సర్ది బల్ల మీద పెట్టాడు.

"ఇందులో తప్పేం లేదమ్మా."

"తప్పు లేకపోతే నా డబ్బులేవి సార్?"

"రెండు వేలనేది నువ్వు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించడానికి. మీ ట్రాయ్ పన్ను కడతాడు, కాబట్టి అతనికి తగ్గుతుంది. నువ్వు కట్టాల్సిన పన్నే లేదు. పన్ను లేనివాళ్ళకి చేతికిస్తారు, కానీ సంపాదన చూసి ఇస్తారు. మొదటి రెండున్నర వేలు వదిలేసి, ఆ పైన సంపాదించిన ప్రతి వందకీ పదిహేను. నువ్వు చూపించింది పదిన్నర వేలు. అంటే పన్నెండొందలు."

డార్లా ముందుకి వంగింది. "అంటే నా పిల్లలు ట్రాయ్ పిల్లలకంటే తక్కువ తింటారని వాళ్ళ లెక్కా?"

"తిండి సంగతి వాళ్ళు అడగలేదు. సంపాదన అడిగారు." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నేనొకటి అడుగుతాను. పదిన్నర వేలతో ఏడాది పొడుగునా ముగ్గుర్ని ఎలా సాకావు?"

డార్లా నావైపు చూసింది. నేను గోడకున్న గడియారం చూశాను.

"సార్, మీరు గవర్నమెంటు మనిషా?"

"నేను పింఛను మనిషిని."

"అయితే... టిప్పులున్నాయి సార్."

"అన్నీ కలిపితే ఎంత?"

"ఇరవై నాలుగు వేలుండొచ్చు."

ప్రూయిట్ గారు మొహం మార్చకుండా ఆ అంకె రాసుకున్నాడు. పరీక్షలో సున్నాలు వేసేటప్పుడు కూడా ఈయన ఇలాగే ఉండేవాడని డార్లా తర్వాత చెప్పింది.

ఇక్కడ డెన్‌జిల్ పద్ధతి చెప్పాలి. పని దిగేటప్పుడు ఎవరి టిప్పులు వాళ్ళు బిల్లుల మిషన్లో కొట్టాలి, పన్నువాళ్ళకి చేరే లెక్క అదే. మా హోటల్లో డెన్‌జిలే కొడతాడు. అమ్మాయిలు అలిసిపోయారు కదా అంటాడు. గిరాకీలు కార్డు మీద ఇచ్చిన టిప్పుని కూడా గల్లాలోంచి నోట్లు తీసి చేతిలో పెడతాడు. మిషన్లో మాత్రం, తనిచ్చే జీతం చట్టం చెప్పిన కనీస కూలికి ఎంత తక్కువైతే అంత టిప్పే కొడతాడు, ఒక్క సెంటు ఎక్కువ కొట్టడు. కొట్టి కన్ను గీటుతాడు. "మీకూ గవర్నమెంటుకీ మధ్య నేనున్నా తల్లీ." వాళ్ళందరూ థ్యాంక్స్ చెప్పేవారు. పైన్‌లిక్‌లో టిప్పులు దాచడం నేరం కాదు, ఇల్లు దిద్దుకోవడం. అమ్మ కాఫీ డబ్బాలో దాచింది, అమ్మమ్మ పిండి డబ్బాలో దాచింది. టిప్పులు ఉన్నవి ఉన్నట్టు రాసే ఆడదాన్ని ఇక్కడ అమాయకురాలంటారు.

ప్రూయిట్ గారు కాగితం మీద లెక్క వేసి తిప్పి చూపించాడు. ఉన్నది ఉన్నట్టు చూపించి ఉంటే పిల్లల కింద మూడు వేల రెండొందల పైనే వచ్చేది. పనిచేసే బీదవాళ్ళకిచ్చే ఆ రెండో సొమ్ము కూడా బాగా పెరిగేది. ముసలితనం పింఛను కింద జీతంలోంచి పడే కోత మాత్రం ఒక వెయ్యి చిల్లర ఎక్కువ పడేది.

"అంటే వెయ్యి దాచుకుందామని రెండు వేలు పారేసుకున్నానా?"

"అంతకంటే ఎక్కువే పారేసుకున్నావు. అయినా స్కూల్లో కంటే దగ్గరగా వచ్చావు."

"మరి డెన్‌జిల్‌కి ఇందులో ఏముంది?" అని నేనడిగాను.

"చూపించిన ప్రతి డాలరు మీదా యజమాని కూడా తన వాటా కట్టాలి. చూపించకపోతే కట్టక్కర్లేదు. ఈమె ఒక్కదాని మీదే ఏడాదికి ఓ వెయ్యి మిగులుతుంది." ఆ అంకె కూడా రాశాడు. "విచిత్రమేమిటంటే, కాగితం ఒకటి నింపితే కట్టిన ఆ వాటాలో చాలామటుకు గవర్నమెంటే అతనికి తిరిగిస్తుంది."

"మరి నింపడేం?"

"పెద్ద కాగితం కాదు. బహుశా బద్ధకం."

డార్లా ఇల్లు పోయింది దురాశకి కూడా కాదన్నమాట.

సరిచేసి మళ్ళీ పంపొచ్చా అని అడిగింది డార్లా. పంపొచ్చన్నాడు. కోత పడాల్సిన వెయ్యీ పోను మిగిలింది వస్తుంది, కాకపోతే టిప్పులకి రుజువు కావాలి. కార్డు మీద పడ్డవన్నీ డెన్‌జిల్ మిషన్లోనే ఉంటాయి, అవి అచ్చు తీసిమ్మని అడగమన్నాడు. డబ్బు చేతికి రావడానికి మాత్రం నెలలు పడుతుంది.

"ఇల్లు పదిహేనుకి పోతుంది సార్."

ప్రూయిట్ గారు పెన్ను మూత పెట్టాడు.

కారులో డార్లా అంది, "సగం ఉంది కదా పిన్నీ. సగం ఇంట్లో ఉండనిస్తుందేమో కాంబ్స్ ముసలమ్మని అడగనా? వంటిల్లు వదిలేస్తాం."

నిన్న, గురువారం, మధ్యాహ్నం గిరాకీ పల్చబడ్డాక డెన్‌జిల్‌ని పట్టుకున్నాం. అద్దాల బీరువాలో చెర్రీపళ్ళు కూరిన తీపి రొట్టెలు, చెర్రీ పైలు, సర్దుతున్నాడు. డార్లా అంతా చెప్పింది, మెల్లిగా, వరసగా. పన్నెండొందలు కావాలంది, అప్పుగా కాదు, ఇన్నాళ్ళూ తన మీద మిగుల్చుకున్నదాంట్లోంచి. కార్డు టిప్పుల లెక్క అచ్చు తీసిమ్మంది.

"నేను మీకు మేలే చేశాను కదా తల్లీ."

"మేలు చేస్తే ఇల్లెందుకు పోతోంది డెన్‌జిల్?"

"మీరే కదా రోజూ థ్యాంక్స్ చెప్పారు."

అది నిజమే.

"ఆ మిషన్లో పాత లెక్కలు ఎలా తియ్యాలో నాకు తెలీదు," అన్నాడు. "అయినా ఇప్పుడు తవ్వితే అందరం ఇరుక్కుంటాం. నువ్వు కూడా. ఇదిగో, పిల్లలకి చెర్రీ పై తీసుకెళ్ళు."

చెర్రీ పై మొత్తం ఒక డబ్బాలో పెట్టి ఇచ్చాడు. ఇచ్చి వెళ్ళి, దాన్ని పాడైన సరుకు కింద మిషన్లో కొట్టాడు. ఆ లెక్క ఎలా కొట్టాలో బాగానే తెలుసు.

అప్పటిదాకా వాండా అతని వైపే ఉంది. నలభై ఏళ్ళుగా బల్లలు తుడుస్తున్న మనిషి, టిప్పులు దాచడంలో ఈ కౌంటీలో ఆమెని మించినవాళ్ళు లేరని ఆమే చెప్పుకుంటుంది. డార్లాని పక్కకి లాగి మందలించింది. "గవర్నమెంటు కాళ్ళ మీద పడి నా రహస్యం ఇదీ అని చెప్పుకుంటావే? సిగ్గులేదూ?"

"వాండా," అన్నాను, "వచ్చే ఏడు నీకు పింఛను వస్తుంది కదా. దేన్నిబట్టి ఇస్తారు?"

"నేను చేసిన పనినిబట్టి."

"కాదు. చూపించిన సంపాదననిబట్టి. ప్రూయిట్ గారిని నేను అడిగాను."

వాండా నా మొహం చూసింది. తర్వాత ఉప్పు సీసాలన్నీ తెచ్చి ఒక బల్ల మీద పెట్టుకుని, ఒక్కోటీ మూత తీసి నింపడం మొదలుపెట్టింది. నిండుగా ఉన్నవి కూడా మూత తీసి చూసింది. అన్నీ అయ్యాక డార్లా దగ్గరికి వచ్చి అడిగింది:

"పని మానేది ఆదివారం అనుకుంటున్నావా?"

"ఆదివారమే అక్కా."

డెన్‌జిల్, నీకిది అర్థమయ్యేలా చెప్తాను. ఆదివారం చర్చి వదలగానే ఊరంతా నీ హోటల్లోనే ఉంటుంది. వేయించిన కోడి, బీన్సు, మళ్ళీ మళ్ళీ తీయటి టీ. ఇరవై డాలర్ల నోటులా అచ్చుపోసి మడిచిన కాగితం ప్లేటు కింద పెట్టి వెళ్తారు, విప్పితే ఏసు నిన్ను ప్రేమిస్తున్నాడని ఉంటుంది. ఏసు ప్రేమ మీద కోత పడదు, మిషన్లో కొట్టక్కర్లేదు. కాంబ్స్ ముసలమ్మ మాత్రం అది తీసుకోదు. ఆ ఆదివారం నీ బల్లల దగ్గర ఒక్క ఆడది ఉండదు. పొయ్యి దగ్గర నేనూ ఉండను. పాస్టరు గారికి ప్లేటు నువ్వే మోసుకెళ్ళు, టిప్పు నువ్వే తీసుకో.

అలా జరక్కూడదనుకుంటే రేపు, శనివారం, హోటలు మూసేలోగా ఇవి చెయ్యి. డార్లా చేతిలో పన్నెండొందలు పెట్టు. చెక్కు వద్దు. కార్డు టిప్పుల లెక్క నలుగురికీ అచ్చు తీసి సంతకం పెట్టివ్వు. మిషన్ ఎలా పనిచేస్తుందో తెలీకపోతే తెలిసినవాణ్ణి పిలిపించు. రేపట్నుంచి ఎవరి టిప్పులు వాళ్ళే, వాళ్ళ చేతుల్తోనే కొడతారు. నువ్వు వాళ్ళకీ గవర్నమెంటుకీ మధ్య నుంచి లేచి పక్కన నిలబడు.

ఇక హైవే పొడుగునా బల్లలు తుడిచే ఆడవాళ్ళకి: ఇవాళ పని దిగేటప్పుడు, మీ యజమాని కన్ను గీటినా సరే, వచ్చింది వచ్చినట్టు కొట్టండి. మీరు దాచేది మీ దగ్గర ఉండట్లేదు.

వాషింగ్టన్‌లో చట్టం రాసినవాళ్ళకి: ఆ సంపాదన కొలబద్ద తీసి పారెయ్యండి. పన్ను కట్టేవాడి పిల్లకెంతో కట్టలేనిదాని పిల్లకీ అంతే ఇవ్వండి. వచ్చే ఎన్నికల దాకా ఆగం. మీ ఆఫీసు మా జిల్లాలోనే ఉంది, సోమవారం ఎనిమిదింటికి తలుపు తీస్తారు. డార్లా ముగ్గురు పిల్లలతో అక్కడే ఉంటుంది. ఎవర్ని లెక్కలోకి తీసుకోవాలో వాళ్ళ మొహాలు చూసి చెప్పండి.