తపసు మాను కింద పచ్చ చీర

అర్జునుడి వేషం కట్టిన చెంగల్రాయుడు నిమ్మకాయల జోలె భుజాన వేసుకుని తపసు మాను దగ్గరికి వచ్చేసరికి, నేను తడి చీరతో నేల మీద బోర్లా పడుకుని ఉన్నాను. నాలాంటి ఆడవాళ్లు అటూ ఇటూ వరసగా పడుకుని ఉన్నారు.

ఐరాల దగ్గర మా అత్తగారి ఊళ్లో, ధర్మరాజుల తిరునాళ్లలో ఏటా జరిగేదే ఇది. పొడుగాటి తాటిమాను పాతి, దానికి మెట్లలాగా అడ్డకర్రలు కడతారు. శివుడి కోసం తపస్సుకు పోయే అర్జునుడు పద్యాలు పాడుతూ దాన్ని ఎక్కుతాడు. కొసన మంచె మీద పూజ చేసి కిందికి నిమ్మకాయలు విసురుతాడు. పిల్లలు లేని ఆడవాళ్లు మాను కింద వరపడతారు, అంటే వరం కోరి బోర్లా పడుకుంటారు. ఎవరి మీద కాయ పడితే వాళ్ల కడుపు పండుతుందని నమ్మకం.

నాకు ఆ నమ్మకం లేదు. పైగా నాకు అప్పటికే రెండో నెల.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. సూళ్లూరుపేట దగ్గర కంపెనీలో పనిచేస్తూ ఆదివారాలు ఇంటికొచ్చే మా ఆయన అమర్‌నాథ్‌కు కూడా చెప్పలేదు. ఇంతకు ముందు రెండుసార్లు అందరికీ చెప్పుకుని మురిసిపోయాం. రెండుసార్లూ చిత్తూరులో, స్కాన్ గదిలో, డాక్టరమ్మ తెరను తన వైపు తిప్పుకుని గుండె చప్పుడు లేదమ్మా అంది. రెండోసారి తర్వాత ఇంట్లో దీపం పెట్టడం మానేశాను. ఈసారి స్కాన్‌కు రమ్మన్న రోజు దాటిపోయినా కదల్లేదు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పులుపెంత, తీపెంత అని రోజంతా పరీక్షలు చేసేదాన్ని, నా కడుపులో ఏముందో చూసుకోవడానికి మాత్రం ధైర్యం చాల్లేదు. చూడకపోతే చెడ్డ కబురు ఉండదు కదా అని ఒక పిచ్చి లెక్క.

మరి ఇక్కడెందుకు పడుకున్నానంటే, సగం మా అత్త వరదమ్మ పోరు, సగం నా బుద్ధి. దేన్నైనా దగ్గరికెళ్లి చూడందే నాకు నిద్ర పట్టదు. వరాలు పంచేవాడి మొహం ఎలా ఉంటుందో చూడాలనిపించింది. తీరా పడుకున్నాక తెలిసింది, అతను దిగేదాకా తలెత్తకూడదట. మట్టి వాసన చూడటానికా ఇంత దూరం వచ్చింది అని ఒళ్లు మండింది.

తల పక్కకు తిప్పితే ఒక వింత కనిపించింది. అరవై ఏళ్లకు దగ్గర పడ్డ ఆడమనిషి, చిలకపచ్చ చీర కట్టుకుని, అందరిలా బోర్లా కాకుండా వెల్లకిలా పడుకుని ఉంది. ఈ వయసులో ఈమెకు వరమేమిటి? అడక్కుండా ఎలా ఉంటాను.

"పెద్దమ్మా, నువ్వెందుకు ఇట్ల పండుకున్నావు?"

"నేను ఆ అర్జునుడేసం కట్టినాయన పెండ్లాన్ని పాపా, కుప్పమ్మని. పైకి పోయినాక ఆయనకు నా మొగం కనపడాల."

"ఎందుకు?"

ఆమె అటూ ఇటూ చూసింది. "ఎవురికీ సెప్పనంటే సెప్తా."

"చెప్పను."

"ఆయనకు ఎత్తంటే బయం. మిద్దె మీద ఎండబెట్టిన వడియాలు తెమ్మన్నా పోడు."

నవ్వు ఆపుకోబోయి మట్టి మింగాను. "మరి ఈ మాను ఎట్ల ఎక్కుతాడు?"

"వాళ్ల నాయన కట్టిన ఏసం, ఇడిసిపెట్టలేడు. సగం ఎక్కేతలికి కాళ్లు వణకతాయి. అప్పుడు నాకోసరం కిందికి సూస్తాడు. ఇంత గుంపులో కనిపెట్టాల కదా, అందుకే ఎప్పుడూ ఈ రంగు సీరే."

ఆమె అన్నట్టే పద్యం మధ్యలో ఆగిపోయింది. జనం అదేదో ధ్యానం అనుకుని గోవిందలు కొట్టారు. ఇక నావల్ల కాలేదు, తలెత్తాను. మా అత్త మాను చుట్టూ కట్టిన తాడు అవతల నుంచి "మహితా, తల దించుమే" అని అరుస్తూనే ఉంది.

సగం మానులో కిరీటం పెట్టుకున్న బక్కపలచటి మనిషి కర్రను కరుచుకుని ఉన్నాడు. పంచె కింద పిక్కలు వణుకుతున్నాయి. కుప్పమ్మ అరచెయ్యి పైకెత్తి, మెల్లగా తన గుండెల మీద పెట్టుకుంది. అతను చూశాడు. చూశాక కూడా కాలి వణుకు తగ్గలేదు. ఆ వణికే కాలినే తీసి పై కర్ర మీద పెట్టాడు. పద్యం మళ్లీ మొదలైంది.

"ఇన్నేళ్లు ఎక్కినా భయం పోలేదా?" అన్నాను.

"పోలేదు. పోయినాక ఎక్కుదామని కూర్చోనుంటే ఈ ఊర్లో ఎవురికీ నిమ్మకాయే దొరికుండదు."

"నీకు పిల్లలు?"

"లేరు పాపా. మొదట్లో నేనూ బిడ్డను అడిగేదానికి వచ్చి మీ మాదిరే పండుకుంటి. ఒకసారి తలెత్తి ఆయన కాళ్లు సూసినా. ఆ పొద్దు నుంచి ఆయన దిగొస్తే సాలని మొక్కుకోవడమే సరిపోతా ఉండాది."

"దేవుడి మీద కోపం రాలేదా?"

"ఏల రాదు? ఇప్పుడూ వస్తాది. వస్తే గుడికి పోను. కోపం తగ్గినాక మళ్లా పోతా. ఆయన యాడికి పోతాడు, ఆడనే ఉంటాడు."

నిమ్మకాయలు రాలడం మొదలైంది. ఒకటి నా మోచేతి పక్కన పడి, దొర్లి, అవతలి అమ్మాయి కొంగు మీదికి పోయింది. ఆ పిల్ల దాన్ని పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఈమెకు బిడ్డ కలగాలి అని మనసారా కోరుకున్నాను. ఎవర్ని కోరానో నాకే తెలీదు. రెండోసారి పోయాక నేనేదైనా కోరుకోవడం అదే మొదలు.

అర్జునుడు దిగాడు. దిగీ దిగగానే జనం కాళ్లకు మొక్కుతుంటే అతని కళ్లు పచ్చ చీర కోసం వెతికాయి.

నా మీద ఒక్క కాయా పడలేదు. మా అత్త మొహం చిన్నబుచ్చుకుని వచ్చి నన్ను లేపింది. "పోనీలే. వచ్చే ఏడు సూస్తాములే" అంది.

"అత్తా," అన్నాను. గొంతు వణికింది, వణకనిచ్చాను. "నాకు రెండో నెల. స్కాన్‌కు పోవడానికి భయమై ఎవరికీ చెప్పలేదు."

నన్ను తిడుతుందనుకున్నాను. ఆమె వంగి, నా పొట్ట దగ్గర చీరకంటిన మట్టిని తన కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

"ముందు వానికి ఫోన్ చెయ్యి," అంది. "రేపు చిత్తూరుకు పోదాం. నేనూ వస్తా."

"లోపలికి రానియ్యరు అత్తా. తలుపు బయటే కూర్చోమంటారు."

"బయటే కూర్చుంటా."

"అయితే నీ పచ్చ చీర కట్టుకో."

"అదేంటికే?"

"తలుపు తీసినప్పుడల్లా నువ్వు నాకు కనపడాల."